మిర్చి తోటలో నల్లి, పుస్తకంలో అరాక్నిడా

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నర్సంపేట దగ్గర పల్లెటూరు. పదో తరగతి వరకు మా ఊరి బడిలో తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు హనుమకొండలో హాస్టల్లో ఉంటూ ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ ఇంగ్లిష్ మాధ్యమంలో చదువుతున్నాను. జీవుల వర్గీకరణ పాఠాలు ఎంత చదివినా తలకెక్కడం లేదు. రాత్రి బట్టీ పట్టిన పేర్లు తెల్లవారేసరికి గుర్తుండవు. ఒకచోట ఐదు రాజ్యాలు అంటారు, ఇంకోచోట మూడు డొమైన్లు అంటారు. ఏది నిజం? క్లామిడోమోనాస్ ఒక పాఠంలో ప్రొటిస్టా, మరో పాఠంలో మొక్క. మా నాన్న మిర్చి, పత్తి పండిస్తారు. ఈ లాటిన్ పేర్లు ఒక్కటీ తెలియకుండానే ఆయన ఇన్నేళ్లుగా సేద్యం చేస్తున్నారు. ఈ పాఠాలు వదిలేసి మిగతావి బాగా చదివితే సరిపోదా?
– ఒక విద్యార్థిని, వరంగల్ జిల్లా

జవాబు: అమ్మా, మీ నాన్నగారి సంగతితోనే మొదలుపెడతాను. నీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న అదే.

ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు ముడుచుకున్న మిర్చి ఆకులు నాలుగు తెంపి ఆయన చేతిలో పెట్టు. అంచులు పైకి లేచి ముడుచుకుంటే పైముడత, కిందికి వంగి బోర్లించినట్టు ఉంటే కిందిముడత అని ఆయనే వేరు చేసి చూపిస్తారు. మిర్చి వేసే ఏ రైతుకైనా తెలిసిన విషయమే ఇది. పైముడతకు కారణం తామర పురుగు. కిందిముడతకు కారణం నల్లి. రెండూ లేత ఆకుల రసం పీల్చేవే. రెండూ కంటికి ఆననంత చిన్నవే. మాటల్లో రెండింటినీ పురుగు అనే అనేస్తాం.

తామర పురుగు కీటకం. దానికి ఆరు కాళ్లు, తల మీద స్పర్శశృంగాలు, అంచుల పొడవునా వెంట్రుకలున్న సన్నని రెక్కలు ఉంటాయి. నల్లి కీటకం కానే కాదు. దానికి ఎనిమిది కాళ్లు. రెక్కలు లేవు, స్పర్శశృంగాలూ లేవు. అది సాలీడుకూ తేలుకూ చుట్టం. నీ జంతుశాస్త్రం లెక్కలో రెండూ ఆర్థ్రోపోడా వర్గంలోవే, కానీ తరగతి దగ్గరికి వచ్చేసరికి దారులు చీలిపోయాయి. తామర పురుగు ఇన్‌సెక్టాలోకి, నల్లి అరాక్నిడాలోకి వెళ్లాయి. ఆ చీలిక పుస్తకంలో మాత్రమే ఉందనుకోకు. కీటకాల కోసం తయారైన మందులు చాలావరకు నల్లి మీద పనిచేయవు. దానికి నల్లి మందు వేరే కొట్టాలి. పైగా సింథటిక్ పైరిత్రాయిడ్ రకం మందులు పదేపదే కొడితే నల్లిని తినే మేలు చేసే జీవులు చనిపోయి నల్లి ఇంకా పెరుగుతుంది. కిందిముడతను పైముడత అనుకుని మందు కొట్టిన రైతుకు డబ్బూ పోతుంది, పంటా పోతుంది. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారినో, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడగాలి, అది నేను చెప్పేది కాదు. నేను చెప్పేదల్లా ఒక్కటే. ఆ అధికారి ముందుగా వేసే ప్రశ్న, నీ పాఠం వేసే ప్రశ్న ఒకటే: ఇది కీటకమా, కాదా?

ఇంకా లోతుకు, జాతి దాకా వెళ్లాల్సిన అవసరమూ వచ్చింది. 2021లో మన మిర్చి చేలల్లో పూత పూతగానే మాడిపోయి రాలడం నీకు గుర్తుండే ఉంటుంది. రైతులు నల్ల తామర పురుగు అన్నారు. మిర్చిలో ఎప్పటి నుంచో ఉన్న తామర పురుగు పేరు స్కిర్టోథ్రిప్స్ డార్సాలిస్. అది ఎక్కువగా లేత ఆకులను పట్టుకుంటుంది. కొత్తగా వచ్చింది థ్రిప్స్ పార్విస్పైనస్. అది పూలలోకి గుంపులుగా చేరుతుంది. మన దేశంలో దాన్ని మొదట 2015లో బొప్పాయి మీద గుర్తించారు. ఊళ్లో అందరూ తామర పురుగు అంటున్నది నిజానికి రెండు వేర్వేరు జాతులని, వాటి నడవడిక వేరని తేల్చింది వర్గీకరణ తెలిసినవాళ్లే. మీ నాన్నగారికి ఈ లాటిన్ పేర్లు తెలియకపోవచ్చు. కానీ ఆ పేర్లు పెట్టగలిగినవాళ్లు ఎక్కడో ఒకచోట ఉండబట్టే ఆయన చేనుకు సరైన సలహా అందుతుంది. రేపు ఆ మనిషివి నువ్వు కావచ్చు. వరంగల్‌లోనే వ్యవసాయ కళాశాల ఉంది, ములుగు రోడ్డులో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. బైపీసీ చదివిన అమ్మాయికి ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఇక నీ అసలు ఇబ్బందికి వస్తాను. నువ్వు పేరుతో మొదలుపెడుతున్నావు, అందుకే నిలవడం లేదు. వర్గీకరణలో ప్రతి పేరూ ఒక ప్రశ్నకు దొరికిన జవాబు. ఎవరో రెండు జీవులను పక్కపక్కన పెట్టుకుని, వీటిని ఎక్కడ విడదీయాలి, ఎందుకు విడదీయాలి అని తల పట్టుకున్నాక పుట్టిన పేరు అది. ప్రశ్న తెలియకుండా జవాబులు వల్లిస్తే అవి ఎవరి తలలోనూ నిలవవు. నీ జ్ఞాపకశక్తిలో లోపమేమీ లేదు.

ఐదు రాజ్యాలనే చూడు. రాబర్ట్ విట్టేకర్ 1969లో ప్రతిపాదించిన ఈ పద్ధతికి పుస్తకంలో పెద్ద పట్టిక ఉంటుంది. ఆ పట్టికను కాసేపు పక్కన పెట్టి మూడు ప్రశ్నలు అడుగు. కణంలో కేంద్రకానికి పొర ఉందా? లేకపోతే మొనీరా. ఉంటే, ఒకే కణంతో బతికే జీవా? అయితే ప్రొటిస్టా. అనేక కణాలున్నదైతే, తిండి ఎలా సంపాదించుకుంటుంది? ఎండను వాడుకుని తానే తయారుచేసుకుంటే ప్లాంటే, బయటే జీర్ణం చేసి పీల్చుకుంటే ఫంజై, మింగి లోపల జీర్ణం చేసుకుంటే ఏనిమేలియా. ఇవి అర్థమైతే పట్టికలో సగానికి పైగా గడులు నువ్వే నింపగలవు. మినహాయింపులు ఉంటాయి. ఈస్ట్ ఏకకణ జీవే అయినా ఫంజైలో ఉంటుంది. ఎందుకు? దాని కణకవచం, అది తిండి పీల్చుకునే తీరు, దాని చుట్టాలు అన్నీ శిలీంధ్రాలవే కాబట్టి. మినహాయింపు కనిపించిన ప్రతిచోటా ఇలా ఎందుకు అని అడుగు. పరీక్షల్లో ప్రశ్నలు ఎక్కువగా వచ్చేదీ అక్కడే.

పుట్టగొడుగు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కూరగాయల దుకాణంలో దాన్ని ఆకుకూరల పక్కన పెట్టి అమ్ముతారు. నేలలోంచి మొలుస్తుంది, కదలదు, కాబట్టి మొక్క అనిపిస్తుంది. చాలాకాలం వృక్షశాస్త్రజ్ఞులూ దాన్ని మొక్కల్లోనే ఉంచారు. కానీ శిలీంధ్రాల కణకవచంలో ఉండేది కైటిన్, అంటే రొయ్య పెంకులోనూ కీటకాల పైపొరలోనూ ఉండే పదార్థం. అవి నిల్వ చేసుకునేది గ్లైకోజన్, మన కాలేయంలో ఉండేదే. జన్యువులు చదివాక తేలిందేమిటంటే పుట్టగొడుగు మొక్కలకన్నా జంతువులకే దగ్గర చుట్టం. ఎన్నిసార్లు చదివినా నాకు ఈ విషయం కొత్తగానే ఉంటుంది.

క్లామిడోమోనాస్ చిక్కును పట్టుకున్నావు చూడు, అందుకు నిన్ను మెచ్చుకోవాలి. చాలామంది గమనించకుండానే రెండు చోట్లా రెండు జవాబులు రాసి వచ్చేస్తారు. విట్టేకర్ ప్రకారం అది ఏకకణ నిజకేంద్రక జీవి, అందుకే ప్రొటిస్టా. కానీ దాని పత్రహరితం, అది నిల్వ చేసుకునే పిండి పదార్థం ఆకుపచ్చ శైవలాల తీరులో ఉంటాయి. ఆకుపచ్చ శైవలాలు మొక్కల పూర్వీకులకు దగ్గరివి. అందుకే మొక్కల రాజ్యం పాఠంలో క్లోరోఫైసీ, అంటే ఆకుపచ్చ శైవలాల తరగతి కింద మళ్లీ కనిపిస్తుంది. ఒక పద్ధతి కణాల సంఖ్యను ముందు చూసింది, మరొకటి చుట్టరికాన్ని ముందు చూసింది. పరీక్షలో విట్టేకర్ పేరు ఉంటే ప్రొటిస్టా అని, శైవలాల తరగతులు అడిగితే క్లోరోఫైసీ అని రాయి.

ఐదు రాజ్యాలు, మూడు డొమైన్ల గొడవ కూడా ఇలాంటిదే. 1977లో అమెరికాలో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ సూక్ష్మజీవుల రైబోజోముల్లోని ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూశారు. మీథేన్ వాయువును పుట్టించే కొన్ని సూక్ష్మజీవులు సూక్ష్మదర్శినిలో అచ్చం బ్యాక్టీరియాలాగే ఉంటాయి. ఆర్‌ఎన్‌ఏలో మాత్రం బ్యాక్టీరియాకు ఎంతో దూరంగా కనిపించాయి. మీ ఊళ్లో గోబర్ గ్యాస్ పొయ్యి ఉంటే అందులో మండే వాయువు వాటి పుణ్యమే. పశువుల కడుపులోనూ, నీళ్లు నిలిచిన వరిమడి బురదలోనూ అవే ఉంటాయి. వాటికి ఆర్కియా అని పేరు వచ్చింది. 1990లో వోస్, మరో ఇద్దరితో కలిసి జీవులన్నిటినీ బ్యాక్టీరియా, ఆర్కియా, యూకేరియా అని మూడు డొమైన్లుగా ప్రతిపాదించారు. జాగ్రత్తగా చూస్తే విట్టేకర్ మొనీరా ఇక్కడ రెండుగా చీలింది, మిగతా నాలుగు రాజ్యాలు యూకేరియా అనే ఒక్క గొడుగు కిందికి వచ్చాయి. ఏది నిజం అని అడిగావు. చుట్టరికం వరకు చూస్తే వోస్ చెప్పిందే మేలైనది. ఐదు రాజ్యాలు చదువుకోవడానికి, జీవులు బతికే తీరును చూడడానికి ఇప్పటికీ అక్కరకు వస్తాయి. నువ్వు రెండూ నేర్చుకోవాలి, ఒకదాని మీద ఒకటి పరిచి.

వర్గీకరణ ఎందుకు మారుతూ ఉంటుందో తెలిస్తే ఈ తికమక సగం తగ్గుతుంది. లిన్నేయస్ 1735లో మొక్కలను కేసరాల సంఖ్యను, అమరికను బట్టి 24 తరగతులు చేశాడు. లెక్కపెట్టడం తేలిక, ఎవరైనా పోల్చుకోవచ్చు. కానీ ఐదు కేసరాలున్న పాపానికి మిర్చి, కాఫీ, క్యారట్ ఒకే తరగతిలో పడ్డాయి. ఒక్క లక్షణాన్ని పట్టుకుంటే ఇలాగే అవుతుంది. 1862 నుంచి 1883 వరకు బెంథామ్, హుకర్ అనేక లక్షణాలను కలిపి చూసి సహజ వర్గీకరణ చేశారు. మిర్చి, టమాట, వంకాయ, ఆలుగడ్డ, ఉమ్మెత్త, పొగాకు ఒక్క సొలనేసీ కుటుంబంగా నిలబడ్డాయి. వాళ్ల పద్ధతిలోనూ ఒక లోపం ఉంది, గుర్తుపెట్టుకో. వివృతబీజాలను, అంటే విత్తనాలు కాయలో మూసుకుని ఉండని మొక్కలను తీసుకెళ్లి ద్విదళబీజాలకు, ఏకదళబీజాలకు మధ్య పెట్టారు. ఇప్పుడు డీఎన్‌ఏ వచ్చాక ఇంకా సర్దుతున్నారు. పేరు మారిందంటే మనకు తెలిసింది పెరిగిందని అర్థం. మన రాష్ట్ర పుష్పం తంగేడు పాత పుస్తకాల్లో కేసియా ఆరిక్యులేటా, కొత్త పుస్తకాల్లో సెన్నా ఆరిక్యులేటా. మొదటి మాట, అంటే ప్రజాతి మాత్రమే మారింది చూడు. పువ్వు అదే, దాని దగ్గరి చుట్టాలు ఎవరన్న తీర్పు మారింది.

మరి ఎలా చదవాలి? చెప్పేకన్నా చేయించడం మేలు. మీ చేలో పత్తి పూసినప్పుడు ఒక పత్తి పువ్వు తెంపు. దొడ్లో బెండ పువ్వు ఉంటే అది, గోంగూర పువ్వు ఉంటే అది, ఎవరింట్లోనో మందారం ఎలాగూ ఉంటుంది. నాలుగింటినీ తెల్ల కాగితం మీద వరుసగా పెట్టి, ఆకర్షణపత్రాలను మెల్లగా కిందికి విరిచి చూడు. రంగులు, పరిమాణాలు వేరు. కానీ నాలుగింటి నడుమా ఒకే దృశ్యం ఉంటుంది. కేసరాల కాడలన్నీ కలిసిపోయి ఒక గొట్టంగా మారి, ఆ గొట్టం లోపలి నుంచి కీలం పైకి వస్తుంది. గొట్టం పొడవునా పుప్పొడి తిత్తులు అంటుకుని ఉంటాయి. బ్లేడుతో గొట్టాన్ని నిలువునా చీలిస్తే లోపల కీలం విడిగా బయటపడుతుంది. ఏకబంధక కేసరాలు అన్న మాటను ఇక ఎప్పటికీ మరిచిపోవు. మాల్వేసీ కుటుంబం అన్నా అంతే. ఆ సాయంత్రం నాన్నగారిని అడుగు, పత్తికి వచ్చే పచ్చదోమ బెండకు కూడా వస్తుందా అని. వస్తుంది. మచ్చల కాయతొలుచు పురుగు కూడా రెండింటినీ తొలుస్తుంది. చుట్టాలైన మొక్కలకు శత్రువులు కూడా చాలాసార్లు ఒకరే. అన్నట్టు, ఆ పచ్చదోమ మనల్ని కుట్టే దోమల క్రమంలోది కాదు. అది నల్లుల క్రమమైన హెమిప్టెరాలోది. ఈ నల్లి మంచంలో రక్తం తాగే నల్లి, ఇందాక మిర్చి ఆకు మీద చెప్పిన నల్లి కాదు. ఊరి పేర్లతో మాత్రమే నడిస్తే ఎంత అయోమయమో, ద్వినామీకరణం, అంటే ప్రతి జాతికీ రెండు మాటల శాస్త్రీయ నామం పెట్టడం ఎందుకు కావలసి వచ్చిందో ఇప్పుడు నీకే తెలుస్తుంది.

సొలనేసీకి కూడా ఇలాగే చెయ్యి. మిర్చి, వంకాయ, టమాట కాయలను ముచ్చికతో సహా తెచ్చుకో. ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే మిర్చిలో కూలీలు తీసే ఆ ముచ్చికలో కాడతో పాటు ఉండే ఆకుపచ్చ గిన్నె పువ్వు రక్షకపత్రావళి. పువ్వు రాలినా అది రాలకుండా కాయతో ఉండిపోయింది. వంకాయకూ అంతే, టమాటకూ అంతే. పుస్తకంలో సొలనేసీ లక్షణాల్లో ఆ వాక్యం వెతికి దాని కింద గీత గీసుకో. తరవాత పువ్వు చూడు. ఐదు ఆకర్షణపత్రాలు అడుగున కలిసి ఉంటాయి, ఐదు కేసరాలు వాటికే అంటుకుని ఉంటాయి.

జంతువుల వర్గాలకు ఇన్ని చేతికి దొరకవు, అక్కడ ప్రశ్నల వరుసే ఆధారం. కణజాలాలు ఉన్నాయా, శరీరాన్ని ఏ కోణంలో కోస్తే సమాన భాగాలవుతాయి, పిండంలో పొరలు రెండా మూడా, శరీరకుహరం (పేగుకూ శరీర గోడకూ మధ్య ఖాళీ) ఉందా, ఖండీభవనం (శరీరం ఖండాలు ఖండాలుగా ఉండడం) ఉందా, పృష్ఠవంశం (వీపు పొడవునా ఉండే కడ్డీ) ఉందా. ఈ వరుసను ఒక కాగితం మీద కొమ్మలు కొమ్మలుగా గీసి, పోరిఫెరా నుంచి కార్డేటా దాకా ఒక్కో వర్గం ఏ కొమ్మ దగ్గర విడిపోతుందో రాయి. కాగితం చూడకుండా మళ్లీ గీయి. ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడే పుస్తకం తెరువు. వానపాము, నత్త, రొయ్య, కొర్రమీను లాంటి నీకు తెలిసిన జీవినే ప్రతి వర్గానికీ ఒకదాన్ని తగిలించు. పుస్తకం ఇచ్చిన ఉదాహరణలు ఆ తరవాత చేర్చుకోవచ్చు.

మాధ్యమం మారిన కష్టం వేరే ఉంది, దాన్ని చిన్నదిగా చూడను. తెలుగు అకాడమీ తెలుగు మాధ్యమం పుస్తకాన్ని కూడా దగ్గర పెట్టుకో. ముందు తెలుగులో చదివి విషయం అర్థం చేసుకో, వెంటనే అదే పేరాను ఇంగ్లిష్‌లో చదువు. పొడవాటి పేరు వచ్చినప్పుడు దాన్ని ముక్కలుగా విడగొట్టి తెలుగు లిపిలో రాసుకుని, గొంతెత్తి పలికి, ఆ తరవాతే ఇంగ్లిష్ అక్షరాల్లో రాయి. నోటికి రాని పేరు చేతికి రాదు. శాస్త్రీయ నామం రాసేటప్పుడు మొదటి మాట పెద్ద అక్షరంతో, రెండోది చిన్న అక్షరంతో మొదలవ్వాలి, చేతిరాతలో రెండింటి కిందా విడివిడిగా గీత గీయాలి. ఈ చిన్న నియమం దగ్గర చాలామంది మార్కులు పోగొట్టుకుంటారు. ఆ పేర్లు మనకు పరాయివని కూడా అనుకోకు. మన ఉత్తర తెలంగాణలో యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ ఎముకలకు 1988లో పెట్టిన పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబడి ఉంది, వీలైతే చూసి రా.

ఇవన్నీ చేశాక కూడా కొంత బట్టీ మిగులుతుంది. లేదని చెబితే నిన్ను మభ్యపెట్టినట్టే. కానీ కొమ్మలు గీసి ఉన్న చెట్టుకు ఆకులు తగిలించడం సులువు.

చివరగా, వదిలేయనా అని అడిగావు. వద్దు. నీట్‌లో 180 ప్రశ్నల్లో 90 జీవశాస్త్రానివే. వర్గీకరణ నుంచి నేరుగా వచ్చేవి కాక, మొక్కల ప్రత్యుత్పత్తి, ఆవరణశాస్త్రం, జీవవైవిధ్యం పాఠాలన్నీ నీకు ఈ పేర్లు తెలుసనుకునే మాట్లాడతాయి. ఇప్పుడు వదిలితే రెండో సంవత్సరంలో ప్రతి పేజీలో అడ్డుపడతాయి. సమయం తక్కువగా ఉంటే ఈ వరుసలో చదువు. మొదట ఐదు రాజ్యాలు, డొమైన్లు కలిపి, తరవాత జంతువుల వర్గాల కొమ్మల పటం, ఆపైన మొక్కల రాజ్యం, చివరగా సొలనేసీ. మొక్కల రాజ్యంలో జీవితచక్రాల దగ్గర మళ్లీ ఇబ్బంది పడతావని నా అనుమానం. అక్కడ ఆగిపోతే ఏ మొక్క దగ్గర ఆగావో రాసి పంపు, దాని గురించి విడిగా రాస్తాను.